మండువా ఇంటి కొయ్యకట్టు: పొన్నూరు మైదానంలోని పాత రైతు ఇళ్ళపై ఒక సమీక్ష

పొన్నూరు చుట్టుపట్ల పాత గ్రామాల్లో, తూర్పున కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణీ, పడమర పెదనందిపాడు, ప్రత్తిపాడు వైపు పత్తి, మిరప, పొగాకు పండే నల్లరేగడి మెట్టా ఒకదానికొకటి తగిలే పట్టులో, సిమెంటు కాంక్రీటు అందుబాటులోకి రాకముందు కలిగిన రైతులు కట్టుకున్న పెద్ద ఇంటిని మండువా లోగిలి అంటారు. నాలుగు పక్కలా గదులు, గదుల ముందు లోపలి వసారాలు, నడుమ పైకప్పు లేకుండా నేలమట్టం కన్న కొంచెం పల్లంగా వదిలిన చదరపు జాగా ఉండడం దీని ప్రధాన లక్షణం. ఆ నడిమి పల్లపు జాగాను మండువా అనీ, దాన్ని బట్టి ఇంటినంతటినీ మండువా ఇల్లు అనీ వ్యవహరించడం వాడుక. కేరళ నాలుకెట్టు, కన్నడసీమ తొట్టిమనె, మహారాష్ట్ర వాడా, చెట్టినాడు ఇళ్ళు దీనికి దాయాదులే అయినా, వాటి నిర్మాణం మీద జరిగినంత పరిశీలన తెలుగు మండువా మీద జరగలేదు. దీని గురించి వచ్చిన రాతల్లో ఎక్కువభాగం ఉమ్మడి కుటుంబపు జ్ఞాపకాలు, మిగిలినవి వాస్తు వ్యాఖ్యానాలు. రెంటిలోనూ చూపంతా నడిమి ఖాళీ మీదే నిలిచింది: గాలీ వెలుతురూ వచ్చే తీరు, వానధార పడే అందం, బ్రహ్మస్థానపు పవిత్రత.

ఈ ఖాళీని నిలబెట్టినది కొయ్య. స్తంభాలు, దూలాలు, వాసాలు ఒకదానిలో ఒకటి దిగి ఏర్పడిన కట్టే లేకపోతే మండువా అనేది నాలుగు గోడల నడిమి గొయ్యి మాత్రమే. ఈ ఇళ్ళ గురించి ఇప్పటికీ తెగని ప్రశ్నలు ముఖ్యంగా మూడు: బరువు మోసేది గోడా స్తంభమా, కలప ఎక్కడిది, ఇళ్ళ వయస్సెంత. వీటిలో ఏదీ ఖాళీని చూసి తేల్చగలిగింది కాదు. ఇంగ్లండులోని పాత కొయ్యకట్టు రైతు ఇళ్ళ విషయంలో ఇవే ప్రశ్నలు అర్ధశతాబ్దం కిందట చాలావరకు తేలాయి. తేలిన విధానం ఇక్కడ ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో చూడడం కూడా ఈ సమీక్షలో భాగం.

కట్టు తీరు

మండువా అంచు వెంట, లోపలి వసారా చివర స్తంభాలు వరసగా నిలుస్తాయి. ప్రతి స్తంభం కిందా చదరంగానో గుండ్రంగానో చెక్కిన రాతి దిమ్మ ఉంటుంది. స్తంభం దాని మీద కూర్చుంటుందే తప్ప నేలలో పాతుకుపోదు. రాయి నడుమ ఉండడం వల్ల నేల చెమ్మ కొయ్యకు ఎక్కదు, చెదలు కనపడకుండా పైకి పాకలేవు. స్తంభం తల మీద రెండు వైపులా చేతులు చాచినట్టుండే బోదిక ఉంటుంది. తామరరేకులు, చిలుకలు చెక్కి ఉండడం వల్ల చూసేవారు దాన్ని అలంకారంగా భావిస్తారు గాని, దాని అసలు పని దూలానికి ఆనే చోటును వెడల్పు చేయడం, అంటే దూలం ఊతం లేకుండా దాటవలసిన దూరాన్ని అటో జానెడు ఇటో జానెడు తగ్గించడం. బోదిక మీద దూలం, గదుల వైపు గోడ మీదికి సాగే అడ్డదూలాలు, వాటి మీద నిలిచే పొట్టి కొయ్యలు, ఆ కొయ్యల తలలను కలుపుతూ ఇంటి నడికప్పున పోయే వెన్నుదూలం, వెన్నుదూలం నుంచి రెండు వైపులకూ జారే వాసాలు, వాసాల మీద అడ్డంగా కొట్టిన బద్దలు, బద్దల మీద పెంకు: కింది నుంచి పైకి కట్టు వరస ఇది. అడ్డదూలాల మీద పలకలు పరిస్తే అది అటక అవుతుంది; ధాన్యం, మిరపకాయల బస్తాలు, పెళ్ళిళ్ళకు తప్ప దించని ఇత్తడి గుండిగలు అక్కడ చేరతాయి. వేసవిలో పెంకు వేడిని గదిలోకి నేరుగా దిగనీయకుండా ఆపేది కూడా మండువా కన్న ఈ అటకే.

కొయ్యకూ కొయ్యకూ అతుకు ఇనుప మేకుతో కాదు. ఒక కొయ్య చివరను సన్నగా చెక్కి, రెండో కొయ్యలో తొలిచిన రంధ్రంలో దిగేసి, అడ్డంగా కొయ్యచీల కొట్టి బిగిస్తారు. ఇంగ్లండు వడ్రంగి ఓక్ కొయ్యతో చేసినదీ ఇదే పని. అక్కడి ఇళ్ళలోనూ ఇక్కడి ఇళ్ళలోనూ కొలత ఒకే విధంగా పుట్టడం గమనించదగినది. రెండు దూలాల నడిమి జాగాను తెలుగునాట అంకణం అంటారు; ఇంటి నిడివిని గజాల్లో గాక అంకణాల్లో చెప్పడం, అయిదంకణాల ఇల్లు, ఏడంకణాల ఇల్లు అనడం పాతవాడుక. నెల్లూరు, తిరుపతి వైపు అది 36 చదరపు అడుగుల వైశాల్యంగా స్థిరపడి స్థలాల క్రయవిక్రయాల్లో ఇప్పటికీ నడుస్తోంది. ఇంగ్లండులో కూడా ఇల్లైనా ధాన్యపు కొట్టమైనా స్తంభాల నడిమి జాగాల లెక్కతోనే పరిమాణం చెప్పేవారు. కారణం ఒకటే: గది వెడల్పును నిర్ణయించేది ఇంటివారి కోరిక కాదు, దొరికిన దుంగ పొడవు.

కట్టులో అన్నిటి కన్న కష్టమైన చోటు మండువా నాలుగు మూలలు. రెండు వైపుల నుంచి వచ్చే లోపలి వాలులు మూలన కలిసి ఒక దోనె ఏర్పడుతుంది; ఆ దోనె కింద ఏటవాలుగా పోయే మూలవాసం రెండు వాలుల బరువునూ మోస్తుంది, రెండు వాలుల నీటినీ భరిస్తుంది. రెండు వైపుల వాసాలూ పొట్టివై వచ్చి దాని మీదే ఆగుతాయి. పెంకు జరిగితే నీరు ముందు దిగేది అక్కడే, కొయ్య ముందు పుచ్చేదీ అక్కడే. తరవాతి కాలంలో జింకు రేకుతో దోనెలు చేయించి ఆ బాధ కొంత తగ్గించుకున్నారు. చూరు నుంచి మండువాలోకి దిగిన నీరు గచ్చు మీద వాలుకు చేరి, జలదారి గుండా గది కింది నుంచో నడవ కింది నుంచో వీధిలోకో పెరటిలోకో పోతుంది. జలదారి పూడితే వాన రాత్రి ఇల్లంతా మేలుకోవలసిందే.

గోడా, స్తంభమా

ఇంగ్లండు ఇంటిలో ఈ ప్రశ్నకు తావు లేదు. అక్కడ పైకప్పు బరువు పూర్తిగా ఓక్ కట్టు మీద ఉంటుంది. స్తంభాల నడుమ కర్రలూ బద్దలూ అల్లి, మట్టీ గడ్డీ పేడా కలిపి మెత్తిన తడికగోడ చలిగాలిని ఆపడానికే గాని మోయడానికి కాదు. మండువా ఇల్లు ఆ విధంగా పూర్తి కొయ్యకట్టు కాదు. లోపలి వైపు, మండువా చుట్టూ, బరువు స్తంభాల మీద పడుతుంది. బయటి వైపు మూరెడు, అంతకు మించిన మందం గల మట్టిగోడో, సున్నంతో కట్టిన ఇటుకగోడో వాసాల చివరలనూ అడ్డదూలాల కొసలనూ మోస్తుంది. కనుక దీన్ని సగం కొయ్యకట్టుగా, సగం గోడకట్టుగా చెప్పడమే సరైనది. దీన్ని కేవలం గోడల ఇల్లని వర్ణించే పుస్తకాలూ, కేవలం స్తంభాల ఇల్లని మురిసిపోయే వ్యాసాలూ చెరిసగమే చెబుతున్నాయి.

ఈ మిశ్రమానికి నేల ఒక కారణం. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లనైట్ అనే బంకఖనిజం ఎక్కువ. తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకుపోయే గుణం దానిది. వేసవి చివర పొలంలో చేయి పట్టేంత నెరియలు పడే నేల, తొలకరి తరవాత అదే ఉబ్బి పైకి లేస్తుంది. ఏడాదికోసారి కదిలే ఇట్లాంటి నేల మీద ఒకే ముక్కగా బిగిసి ఉన్న గోడ మూలల నుంచి, కిటికీ కమ్ముల దగ్గర నుంచి ఏటవాలుగా పగులుతుంది. ఈ సమస్యకు ఆధునిక ఇంజినీర్లు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలతో జవాబు చెప్పారు. పాత మేస్త్రీల జవాబు వేరు: పునాది గుంటలో రేగడిని ఎత్తిపోసి ఇసుక నింపి నీళ్ళు కొట్టడం, అరుగును ఎత్తుగా లేపి వాన నీరు గోడ పాదం దగ్గర నిలవనీయకపోవడం, పైన ఉన్న కట్టును కొంత కదలిక ఓర్చుకునేదిగా చేయడం. చీలతో బిగించిన అతుకు కాంక్రీటు మూల లాగా మొండికేయదు. ఒక స్తంభం కింది రాయి అంగుళం కుంగితే దూలం ఆ మేరకు వాలుతుందే గాని విరగదు. అప్పుడు పక్కన గుంజలు పోటు పెట్టి దూలాన్ని లేపి, రాతికీ స్తంభానికీ నడుమ పలక చీలిక దూర్చి సరిచేయవచ్చు. బయటి గోడ పగిలితే మాత్రం అంత సులువుగా పోదు. ఏటా అలికి, మెత్తి, చివరకు కొంతభాగం పడగొట్టి తిరిగి పెట్టవలసి వస్తుంది. నేల మీది ఈ అనుభవం వల్లే కట్టులో విలువైన కలపను లోపలి వరసకూ, మళ్ళీ మళ్ళీ పెట్టుకోగల మట్టిని బయటి వరసకూ కేటాయించారని ఊహించడం అసంగతం కాదు.

గాలివాన మాట కూడా ఇక్కడే. ఈ తీరానికి తుపాను కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల ప్రాంతాలను ఊడ్చేసిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే వేలమంది ప్రాణాలు పోయాయి. అట్లాంటి గాలిలో పెంకు ఎగిరిపోతుంది, వాసాలు తేలుతాయి; కాని నాలుగు వైపులకూ వాలిన బరువైన కప్పు, నాలుగు మూలలా ఒకదాన్నొకటి పట్టుకున్న దూలాలు మిగిలితే ఇల్లు మళ్ళీ కప్పుకోవడానికి పనికివస్తుంది. పడమర పల్నాడు వైపు పోయే కొద్దీ ఈ వాలుకప్పు తగ్గి, చవిటిమట్టి పరిచిన మిద్దెలు, మాచర్ల, పిడుగురాళ్ళ వైపు నాపరాళ్ళు కనిపిస్తాయి. పొన్నూరు ఆ రెండు పద్ధతులలో డెల్టా పద్ధతికే చెందినది.

తడిక ఎక్కడికి పోయింది

ఇంగ్లండు రైతు ఇంటికి నిర్మాణరీత్యా అసలైన తెలుగు బంధువు మండువా కాదు. ఊరి చివర కూలీల, దళితుల పూరిపాక. నేలలో పాతిన నిట్రాటలు, అంటే వెన్నుదూలాన్ని మోసే నడిమి గుంజలు, వాటి మీద తాటి దూలం, చుట్టూ గుంజలు, గుంజల నడుమ కర్రలూ కందికట్టెలూ అల్లిన తడిక, తడిక మీద మట్టీ పేడా పూత, పైన తాటాకు: ఇది పూర్తి కొయ్యకట్టు, బరువు అంతా గుంజల మీదే. పదిహేనో శతాబ్దపు కెంట్ రైతు తడికనూ మట్టినీ తన ఓక్ కట్టులో నింపుకున్నాడు; పైన గడ్డో పెంకో కప్పుకున్నాడు; అది ఆరువందల ఏళ్ళు నిలిచింది. ఇక్కడ అదే తడిక పేదవాని ఇంట మిగిలి, రెండు మూడేళ్ళకోసారి తాటాకు మార్చుకోలేక కారిపోతూ, వేసవిలో నిప్పురవ్వకు వాడలకు వాడలే తగలబడుతూ, ప్రభుత్వ గృహ పథకాల స్లాబు వచ్చేదాకా గడిచింది. తేడా పనితనంలో లేదు. గుంజ ఏ కొయ్య, అది నేలలో పాతిందా రాతి మీద నిలిపిందా అన్నదానిలో ఉంది. నేలలో పాతిన తాటిగుంజ మట్టిలోనే పుచ్చుతుంది. టేకు కొనగలవానికి, రాతి దిమ్మ చెక్కించగలవానికి మాత్రమే ఇల్లు తరాలు నిలుస్తుంది.

మండువా లోగిళ్ళను తెలుగువారి సాంప్రదాయిక గృహమని ఏకవచనంలో వర్ణించే అలవాటు ఇందువల్ల సరైనది కాదు. అది భూమి గల కొద్ది కుటుంబాల ఇల్లు. దాన్ని కట్టిన వడ్రంగులు, దుంగను కోతగుంట మీద పెట్టి పైన ఒకడు, గుంటలో ఒకడు నిలిచి రంపం లాగిన కోతకూలీలు, గోడ పెట్టిన ఉప్పరులు, పెంకు కాల్చిన కుమ్మరులు ఎవరూ అట్లాంటి ఇంట్లో ఉండలేదు. ఆ ఇంటి పొలంలో పనిచేసిన వారిలో చాలామందికి అరుగు దాటి లోపలికి ప్రవేశం కూడా లేదు. నడవ, వసారా, మండువా, పెరడు అనే వరస గాలి రాకపోకలతో పాటు మనుషుల రాకపోకలను కూడా కులాన్ని బట్టి నియమించింది. విశాఖ తీరంలోని హరిపురం నుంచి ఒక ఇంటి రీతిని తీసుకుని, చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర మ్యూజియం ఆంధ్ర విభాగంలో నిలబెట్టడం, నల్గొండ నేతకారుల ఇంటికి అక్కడ చోటివ్వడం ఈ దృష్టితో చూస్తే మెచ్చదగిన ఎంపికలు.

కలప వచ్చిన దారి

గుంటూరు మైదానంలో అడవి లేదు. ఇక్కడ పెరిగేవి తుమ్మ, వేప, తాడి. కనుక ఇంట్లో ఏ కొయ్య ఎక్కడ ఉందో చూస్తే ఏది ఊరిది, ఏది కొన్నదో తేలిపోతుంది. నాగళ్ళకూ బండ్లకూ వాడే నల్లతుమ్మ ఇంట్లో తక్కువ. వేప గుమ్మాలకూ పలకలకూ. వాసాలకు ఎక్కువగా తాడి. తాటిదుంగను చీల్చే విద్య టేకు పనికి తలకిందులైనది. టేకులో గట్టిదనం నడిమి చేవలో ఉంటే, తాటిమానులో అది బయటి అంచున నల్లని పీచుగా ఉండి నడుమ మెత్తని దవ్వ ఉంటుంది. అందువల్ల ముదురు మానును నిలువునా చీల్చి, దవ్వను తొలగించి, అంచు ముక్కనే వాసంగా చెక్కుతారు. చెరువు నీటిలో కొన్నాళ్ళు నానవేస్తే పురుగు పట్టదని వాడుక.

స్తంభాలకూ దూలాలకూ వాడిన టేకును గురించి చాలా ఇళ్ళలో చెప్పే మాట ఒకటే: రంగూన్ టేకు. ఈ మాటను పూర్తిగా కొట్టివేయడానికీ లేదు, పూర్తిగా నమ్మడానికీ లేదు. 1826లో తెనాసెరిం తీరం, 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైన తరవాత మౌల్మేన్, రంగూన్ రేవుల నుంచి బంగాళాఖాతం దాటి టేకు వచ్చింది. కోరంగి రేవు పేరు మీద కొరంగీలని అక్కడ పిలిపించుకున్న తెలుగు కూలీలు రంగూన్ బియ్యపు మిల్లుల్లోనూ కోతమిల్లుల్లోనూ పనిచేశారు. కాని టేకు అంత దూరం నుంచే రావలసిన అవసరం లేదు. భద్రాచలం, రేకపల్లి అడవుల టేకు గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రికి దిగేది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాక రెండు డెల్టాల కాలువలు ఏలూరు కాలువతో కలిశాయి; బెజవాడ నుంచి పశ్చిమ డెల్టా కాలువ, దుగ్గిరాల నుంచి పెదగంజాం దాకా కొమ్మమూరు కాలువ, అక్కడి నుంచి మద్రాసు దాకా బకింగ్‌హాం కాలువ పడవ రవాణాకు వాడుకలో ఉండేవి. రైలు రాకముందే బరువైన దుంగ గోదావరి అడవి నుంచి ఈ గ్రామాల దగ్గరిదాకా నీటి మీద రాగలిగిన దారి ఇది. బెజవాడ నుంచి తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల మీదుగా మద్రాసుకు రైలుమార్గం 1890ల చివర కలిసిన తరవాత రేవు కలప కూడా సులువైంది. ఇంటివారి మాటలో రంగూన్ అన్నది కొన్నిచోట్ల మూలస్థానాన్ని గాక నాణ్యతను చెబుతున్నదనే అనుమానం బలమైనది. దుంగ మూలాన్ని తెలిపే సుత్తి ముద్రలు దాన్ని చదరంగా చెక్కినప్పుడే పోయాయి కనుక కంటితో చూసి రెంటినీ వేరుచేయడం సాధ్యం కాదు. 1942 మార్చిలో రంగూన్ జపాను సేనల చేతికి చిక్కడంతో ఆ సరఫరా తెగిందన్నది మాత్రం స్పష్టం. యుద్ధం తరవాతి ఇళ్ళలో స్తంభం సన్నబడడం, దూలం స్థానంలో ఇనుప గర్డరు, రైలుపట్టా రావడం దానికి సాక్ష్యం.

కలప వచ్చిన తీరు కట్టు మీద కూడా తన గుర్తు వదిలింది. ఇంగ్లండులో ఓక్‌ను పచ్చిగా ఉండగానే చెక్కి బిగించేవారు. అది ఇంట్లోనే ఎండుతూ మెలిపడడం వల్లే అక్కడి పాత ఇళ్ళు వంకరగా, ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తాయి. పచ్చి టేకు నీటిలో తేలదు. అందుకని బర్మా అడవుల్లో చెట్టు నిలబడి ఉండగానే మొదలు చుట్టూ బెరడునూ దాని కింది లేతచెక్కనూ వలయంగా నరికి, రెండు మూడేళ్ళు అట్లాగే ఎండనిచ్చి, తరవాత కొట్టి నదిలో వదిలేవారు. వడ్రంగి చేతికి వచ్చేనాటికే కొయ్య కుదిరి ఉంటుంది. మండువా స్తంభాలు నూరేళ్ళ తరవాత కూడా తిన్నగా నిలవడంలో వడ్రంగి నేర్పుతో పాటు ఈ ఎండుదలకు కూడా భాగముంది.

వయస్సు

మండువా ఇల్లు అతి ప్రాచీనమన్న మాట తరచుగా వినిపిస్తుంది. దానికి చూపే ఆధారాలలో ముఖ్యమైనది ఆరో శతాబ్దపు వరాహమిహిరుని బృహత్సంహిత. అందులో నాలుగు పక్కలా శాలలుండే చతుశ్శాలలను సర్వతోభద్రం, నంద్యావర్తం, వర్ధమానం, స్వస్తికం, రుచకం అని వసారాల అమరికను బట్టి విభజించారు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో క్రీస్తుపూర్వపు గుండ్రని గుహాచైత్యం కప్పున రాతిలోనే చెక్కిన వాసాలు, నాగార్జునకొండ విహారాల్లో స్తంభాల మండపం చుట్టూ గదులు కూడా ఉదాహరిస్తారు. గుంటుపల్లి గుహ ఈ నేల మీద కొయ్య వాసాల కప్పు రెండువేల ఏళ్ళకు పైబడినదని తిరుగులేకుండా చూపుతుంది, కాని అది చూపేది గుండ్రని పాకను. బృహత్సంహిత గదుల అమరికనూ దిక్కులనూ కొలతలనూ చెబుతుంది, కృష్ణా తీరపు వడ్రంగి దూలాన్ని స్తంభం మీద ఎట్లా కూర్చోబెట్టాడో చెప్పదు. అమరిక ప్రాచీనమైనంత మాత్రాన నిలిచి ఉన్న ఇళ్ళు ప్రాచీనమైనవి కావు.

నిలిచి ఉన్న ఇళ్ళ వయస్సును ఈ ప్రాంతపు ఆర్థికచరిత్ర కొంత పట్టిస్తుంది. 1832-33 గుంటూరు కరువులో జిల్లా జనాభాలో పెద్దభాగం నశించింది. ఆ తరవాతి ఇరవై ఏళ్ళలో సాధారణ రైతు టేకు కొని ఇల్లు కట్టాడనుకోవడం కష్టం. 1855 తరవాత డెల్టాకు నీరందింది. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధర పెరిగినప్పుడు, కోకనాడా పేరుతో విదేశాలకు పోయిన గుంటూరు, కృష్ణా మెట్టల పత్తికి గిరాకీ వచ్చింది. పెద్ద ఇళ్ళకు తగిన డబ్బు వరి వైపూ పత్తి వైపూ ఆ తరంలోనే మొదలైంది. పెంకు కూడా ఇదే చెబుతుంది. కుమ్మరి చేసిన గూనపెంకుకు కాలం కట్టలేము. కాని ఈ ప్రాంతంలో బెంగుళూరు పెంకు అని పిలిచే, ఒకదానిలో ఒకటి బిగిసే చదును పెంకు 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో కార్ఖానా పెట్టక మునుపు ఉండే అవకాశం లేదు. అయితే పెంకు తేదీ కప్పు తేదీయే తప్ప కట్టు తేదీ కాదు. గూనపెంకు బరువుకు దగ్గరదగ్గరగా వేసిన వాసాల మీద తరవాత చదును పెంకు మార్చిన ఇళ్ళలో వాసాల ఎడమే ఆ సంగతి బయటపెడుతుంది. గుమ్మం పైకమ్మి మీద గజలక్ష్మి పక్కన చెక్కిన సంవత్సరం కూడా గుమ్మం వరకే సాక్ష్యం, ఎందుకంటే పాత ఇంటి ద్వారబంధాన్ని కొత్త ఇంటికి ఎత్తుకోవడం మామూలు.

ఇంగ్లండులో ఈ చిక్కు విప్పినవి రెండు పనులు. ఎసెక్స్ ప్రాంతంలో సెసిల్ హ్యూవెట్ అనే ఉపాధ్యాయుడు అతుకుల రూపాన్ని బట్టి కాలాన్ని వరసపెట్టవచ్చునని వాదించి, 1980లో ఇంగ్లీషు చారిత్రక వడ్రంగం మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. తరవాత కొయ్యలోని వార్షిక వలయాల వెడల్పును లెక్కించే పద్ధతి ఆయన తేదీలలో కొన్నిటిని సవరించింది, వరసను మాత్రం చాలావరకు నిలిపింది. కెంట్‌లోని బేలీఫ్ అనే రైతు ఇల్లు 1960ల చివర బో బీచ్ జలాశయం ముంపులో పడనుండగా, కొయ్య కొయ్యకూ గుర్తు వేసి ఊడదీసి, సింగిల్టన్ గ్రామంలోని వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ ఆరుబయలు మ్యూజియంలో తిరిగి నిలబెట్టారు. దాని పాతభాగం 1405-1430 మధ్యదని వలయాలు తేల్చాయి. ఇంచుమించు అదే కాలంలో, అప్పటి గుంటూరు జిల్లాలోనే, నాగార్జునసాగర్ ముంపు నుంచి నాగార్జునకొండ విహారాలనూ స్తూపాలనూ రాయి రాయిగా ఎత్తి కొండ మీదికి చేర్చారు. పద్ధతి ఇక్కడివారికి తెలియనిది కాదు; అది రాతికే వర్తిస్తుందని అనుకోవడమే లోపం.

తెలుగులో ఈ పనికి పునాది అనదగినది నిర్మాణశాస్త్రం నుంచి రాలేదు, భాషాశాస్త్రం నుంచి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ పదాలతో మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశాల వరసలో బూదరాజు రాధాకృష్ణ ఇంటి నిర్మాణపు పదాలను సేకరించారు. కట్టులోని ప్రతి ముక్కకూ ఏ ప్రాంతపు పనివాడు ఏమంటాడో అందులో వెతకవచ్చు. ఆ పేర్లకు తగిన కొలతలూ అతుకుల బొమ్మలూ ఇంటింటికీ చేర్చడం మిగిలిన సగం.

ఆ సగం చేయవలసిన ఇళ్ళు వేగంగా పోతున్నాయి, పోవడానికి ముఖ్యకారణం తుపానో చెదలో కాదు. నలుగురన్నదమ్ములు పంచుకున్నప్పుడు పొలం గట్టు వేసుకుంటే తెగుతుంది, మండువా తెగదు. నడిమి పల్లానికి అడ్డంగా గోడ లేస్తే ఒకరి చూరు నీరు మరొకరి వాటాలో పడుతుంది, జలదారి ఒకరికి, స్తంభాలు ఒకరికి వస్తాయి. కొంతకాలం సర్దుకుని, చివరకు కొయ్యను పాతకలప వ్యాపారికి ఇచ్చి స్థలాన్ని పంచుకోవడమే అందరికీ సమ్మతమవుతుంది. ముందు పెంకు, తరవాత బద్దలు, వాసాలు, చివర దూలాలు దిగుతాయి. వ్యాపారి దగ్గర స్తంభాలకు వేరే గిరాకీ ఉంది, హోటళ్ళకూ కొత్త విల్లాలకూ పోతాయి. దూలాలను పలకలుగా కోసి చిత్రిక పడతారు, దానితో గొడ్డలి దెబ్బలు, వడ్రంగి గీసుకున్న గుర్తులు, తొలిచిన రంధ్రాలు అన్నీ పోతాయి.

ఉష్ణమండలపు చెట్లలో ఏడాదికో వలయం నమ్మకంగా వేసే కొద్ది జాతులలో టేకు ఒకటి. జావా టేకు వలయాలను బెర్లాగె 1931లోనే నాలుగు శతాబ్దాల వెనక్కి లెక్కగట్టాడు, పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థలోనూ లక్నో బీర్బల్ సాహ్నీ సంస్థలోనూ భారతీయ టేకు మీద ఇట్లాంటి పని జరిగింది. ఆ వరసలతో పోల్చి చూస్తే ఒక దూలం గోదావరిదా బర్మాదా అన్నది కూడా తేలే అవకాశముంది. నమూనాకు ఎంచుకోవలసినవి మండువా మూలల స్తంభాలు కావు, నీరు దిగే చోటు కాబట్టి అవి ఎక్కువసార్లు మారినవి. లోగదుల మీది అటక దూలాలే తొలికట్టువి అయ్యే వీలు ఎక్కువ. ఫలితాన్ని చదివేటప్పుడు ఒక సవరణ తప్పదు. దూలం అంచున బెరడు కింది చివరి వలయం మిగిలి ఉన్నా, నిలువునా ఎండబెట్టిన టేకులో అది చెట్టు మొదలు చుట్టూ వలయం నరికిన ఏడు మాత్రమే. కొట్టడానికి ముందు ఎండిన రెండు మూడేళ్ళూ, నది మీద, రేవులో, కలప అడితిలో గడిచిన కాలమూ దానికి కలుపుకున్న తరవాతనే ఇల్లు కట్టిన ఏడు దగ్గరపడుతుంది.